బ్రసెల్స్ చౌకులో మార్కాపురం రాయి

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, ఒక మాఘమాసంలో, మా కంపెనీ నన్ను బెల్జియం రాజధాని బ్రసెల్స్‌కు పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ స్టోన్ సెలెక్టర్. పేరు ఘనంగా వినిపించినా పని మాత్రం సూటిగా ఉండేది. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లోంచి పైకి తీసిన పలకరాతి దిమ్మెలను చూసి, ఏది ఎగుమతికి పోవాలో, ఏది ఊళ్లో ప్రహరీ గోడకు పోవాలో తేల్చడం. నేను నిలువు గీత గీస్తే దిమ్మె లారీ ఎక్కేది. అడ్డగీత గీస్తే గని గట్టు మీదే పడి ఉండేది. ఆ తర్వాతి కోత, రాపిడి, ప్యాకింగు వేరేవాళ్ల చేతుల్లో ఉండేవి. గని గట్టు దాటితే నా మాటకు విలువ లేదు, నాకు ఆ బాధ్యతా లేదు.

రాయిని ఎలా తేలుస్తారని నన్ను చాలామంది అడుగుతుంటారు. పలకరాయి పొరల మీద పొరలుగా ఉంటుంది. పొర వెంట ఉలి పెట్టి సుత్తితో తడితే చక్కగా విడిపోవాలి. విడిపోయిన ముక్కను రెండు వేళ్లతో వేలాడదీసి తట్టితే కంచుపళ్లెం మోగినట్టు మోగాలి. మోగకుండా 'తుప్' అంటే లోపల బీట ఉన్నట్టు. అనుమానం తీరకపోతే నీళ్లు చల్లి ఎండలో పెడతాం. రాయంతా ఆరిపోయాక కూడా ఒకచోట వెంట్రుకంత తడిగీత మిగిలితే, బీట అక్కడే ఉన్నట్టు. ఈ మూడు పరీక్షలు చేయకుండా నేను గీత గీసింది లేదు.

అంత చూసి పంపిన రాయి మీద ఫిర్యాదు వచ్చింది.

బ్రసెల్స్ నడిబొడ్డున గ్రాండ్ ప్లాస్ అనే పాత చౌకు ఉంది. దాని పక్క సందులో ఒక పురాతన భవనానికి పైకప్పున్న నడవా ఉంది. ఆ నడవా నేల బాగుచేసే పనికి మా బిళ్లలు వెళ్లాయి. మా కంపెనీకి నేల బిళ్లల ఎగుమతి అదే మొదటిసారి. అంతకుముందు మాది బడిపిల్లల పలకలు, ఇంటి కప్పుల పలకలు చేసే వ్యాపారం. సగం నడవా పరిచారు. చలికాలం సగం గడిచేసరికి బిళ్లలు లేచిపోవడం మొదలైంది. ఈ రాయి చలికి ఆగదని, పొరలు విడిపోతున్నాయని అక్కడి పర్యవేక్షణ ఆర్కిటెక్టు అభిప్రాయపడింది. ఆమె అదే మాట కాగితం మీద పెడితే మిగతా సగం నడవా, దాని వెనక ఉన్న పెద్ద ముంగిలి మా చేయి జారిపోతాయి. అది మాత్రమే అయితే సర్దుకునేవాళ్లం. 'మార్కాపురం రాయి మంచుకు పనికిరాదు' అనే మాట ఆ దేశాల్లో ఒకసారి పాకితే ఇక మా రాయిని అడిగేవాడుండడు.

మా యజమాని చెన్నకేశవులు శెట్టి నాకంటే పదేళ్లు చిన్నవాడు. తండ్రి పెట్టిన పలకల దుకాణాన్ని ఎగుమతి కంపెనీ దాకా తెచ్చినవాడు. ఆ ఆర్డరు నమ్ముకుని రెండో గని తెరిచాడు. పెద్దారవీడు, యర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అందులో పని చేస్తున్నాయి. వానలు లేని ఏడాది అది. గని మూస్తే వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని ఏ ఊరు పోవాలో వాళ్లకే తెలియదు.

"అన్నా, ఏరినోడివి నువ్వు. నువ్వు పోతేనే వాళ్లు నమ్మేది. నాయన పెట్టిన పేరు నీ చేతిలో పెడతాండా" అన్నాడు శెట్టి. రాయి మీద నాకు అనుమానం లేదని, చూసి వచ్చి చెబుతానని అన్నాను. మా ఆవిడ మాత్రం రాయి సంగతి వదిలేసి మంకీ టోపీ సంగతి పట్టుకుంది. ఒకటి చాలదని రెండు పెట్టింది. అక్కడ దిగాక ఆమె దూరదృష్టికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

చేరిన మర్నాడు ఉదయం ఆర్కిటెక్టు మారియెన్ నన్ను ముందు చౌకుకే తీసుకెళ్లింది. నలభై దాటిన మనిషి. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినంత మేరా సూటిగా మాట్లాడుతుంది. సన్నటి సందులోంచి ఒక్కసారిగా చౌకులోకి అడుగుపెట్టాం. నాలుగు వైపులా ఒకదాన్నొకటి ఆనుకుని ఎత్తయిన ఇళ్లు, గోడల నిండా బొమ్మలు, అంచులకు బంగారు పూత. ఒక పక్క నగర సభా భవనం, దాని మీద ఆకాశంలోకి పోయిన గోపురం. ఆ గోపురం భవనానికి సరిగ్గా మధ్యలో లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. ఆ మాట అంటే మారియెన్ మొదటిసారి నవ్వింది. వచ్చినవాళ్లలో చాలామంది ఫొటోలు తీసుకుంటారే గానీ దాన్ని గమనించరని చెప్పింది.

నాకు ఆ చౌకు నచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఆ ఇళ్లు రాజులవి కావు, పనివాళ్ల సంఘాలవి. రొట్టెలు కాల్చేవాళ్లకు ఒకటి, సారా కాచేవాళ్లకు ఒకటి, పడవలవాళ్లకు ఒకటి. మూడు వందల ఏళ్ల కిందట శత్రువుల ఫిరంగులు చౌకును నేలమట్టం చేస్తే, ఆ సంఘాలే పూనుకుని కొద్ది ఏళ్లలో మళ్లీ నిలబెట్టుకున్నాయట. రాతిపనివాళ్లకు ఇల్లు లేదా అని అడిగాను. ఉందని, మేస్త్రులకు, రాయి చెక్కేవాళ్లకు, కప్పు మీద పలకలు పరిచేవాళ్లకు కలిపి ఒకటి ఉందని చూపించింది. మంకీ టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు దాని ముందు నిలబడ్డాను. తల ఎత్తితే కప్పుల మీద నల్లటి పలకలు. మా రాయి కాదు, కానీ మా రాయికి దాయాది. ఇన్ని చలికాలాలు అది ఆగినప్పుడు మాది ఎందుకు ఆగదనే ధైర్యం నాకు అక్కడే కుదిరింది.

అక్కడి నుంచి నడవాకు వెళ్లాం. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. చిన్న సుత్తిని తిరగేసి, కర్రపిడితో ఒక్కో బిళ్లనూ తడుతూ మోకాళ్ల మీద నడవా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాను. గట్టిగా పట్టుకున్న బిళ్ల నిండుగా పలుకుతుంది. కింద ఖాళీ ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికినచోటల్లా గుర్తు పెట్టాను. గుర్తుకు నేను వాడింది బలపం. మార్కాపురంలో చొక్కా జేబులో బలపం లేని స్టోన్ సెలెక్టర్ ఉండడు. బ్రసెల్స్‌లో బలపంతో నేల మీద రాస్తున్న నన్ను చూసి దారినపోయేవాళ్లు ఆగారు. తడిగుడ్డతో తుడిస్తే పోతుందని మారియెన్‌కు తుడిచి చూపించాక ఆమె కూడా ఒకటి అడిగి తీసుకుంది.

గుర్తులు సగానికి పైగా పడ్డాయి. కానీ పైకి ఒక్క బిళ్ల మీదా పొర లేవలేదు. లేచింది బిళ్లే గానీ పొర కాదు. అక్కడే నాకు సగం విషయం తెలిసిపోయింది. డొల్లబిళ్ల ఒకటి అంచు పట్టుకుని లేపితే అప్పడంలా చేతికొచ్చింది. కింద జిగురు సిమెంటు నేలకే ఉండిపోయింది, బిళ్ల వెనక మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది. దాన్ని మారియెన్ కళ్లముందే విరిచి అంచు చూపించాను. పొరలన్నీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. ఇంకో ముక్కను వేళ్లతో వేలాడదీసి తట్టాను, మోగింది. రాయి బాగుందని ఆమె ఒప్పుకుంది. మరి ఎందుకు లేచిందని అడిగింది. నేను బిళ్ల తిరగేసి వెనక వేలితో నిమిరి చూపించాను. వెనక భాగం ముందు భాగమంత నున్నగా ఉంది.

నేల బిళ్లకు పై ముఖం నున్నగా ఉండాలి, అడుగు గరుకుగా ఉండాలి. గరుకుంటేనే సిమెంటు పట్టుకుంటుంది. నున్నటి అడుగుకు సిమెంటు పైపైన అంటుకుంటుంది. బూట్ల వెంట వచ్చిన మంచు కరిగి, ఆ నీళ్లు సందులోంచి దిగి మళ్లీ గడ్డ కడితే బిళ్లను పైకి నెట్టేస్తుంది. అక్కడ జరిగింది అదే. ఎందుకలా జరిగిందో తెలుసుకోవడానికి రాపిడి షెడ్డుకు ఫోన్ చేశాను. అక్కడి పెద్ద నరసమ్మక్క, ముప్పై ఏళ్లుగా పలకలు రుద్దిన మనిషి. బిళ్లలు రెండు పక్కలా రుద్దారా అని అడిగాను.

"రుద్దకుండా ఎట్ల పంపిస్తాం తమ్ముడూ? పలక అన్నాక రెండు మొకాలుంటాయి గదా. ఒక పక్క రుద్ది ఒక పక్క వదిలేస్తే సగం పని చేసినారంటారు. సీమదొరల ఇంటికి పోయేదని ఎనకపక్క ఇంకా బాగా రుద్దిపిచ్చినా" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బడిపిల్లాడు పలకకు రెండు వైపులా రాస్తాడు. ఒక వైపు లెక్కలు, ఒక వైపు గుణింతాలు. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు జరిగిన పని అది. నేల బిళ్లకు వెనక పక్క వదిలేయాలని వాళ్లకు చెప్పినవాడు లేడు. మార్కాపురంలో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదు. ఇంకెక్కడైనా అయితే శ్రమ తగ్గుతుందని ఒక పక్కే రుద్ది పంపేవాళ్లు, బిళ్లలు నిక్షేపంగా ఉండేవి.

శెట్టికి విషయం చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, "రాయి మంచిదని తేలింది గదన్నా. ఇంక మనది తప్పని మనమే ఏల చెప్పాల? పరిచిన మేస్త్రులు సరిగ్గా అతికియ్యలేదని చెప్పు. వాళ్లు మన ఊరోళ్లా ఏంది?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది ఆ మాట. అప్పుడే ఆ మేస్త్రుల సంఘం ఇంటి ముందు టోపీ తీసి వచ్చాను. నేను పాటించే పద్ధతి ఒకటుంది, అదీ చెప్పాను. తప్పు ఎక్కడుందో ఖచ్చితంగా చూపించకపోతే అనుమానం చివరికి రాయి మీదికే వస్తుంది. మేస్త్రుల మీద నెడితే వాళ్లు ఊరుకోరు, ఇంకో చోట పరిచి చూపిస్తారు. అక్కడా లేస్తుంది. అప్పుడు మన మాటనూ మన రాయినీ కలిపి బయట పారేస్తారు. "నన్ను పంపినావు గదా, నాకొదిలెయ్యి చెన్నయ్యా" అన్నాను. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

మారియెన్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను. రాయి మాది, అది మంచిది. పరిచిన పనిలో లోపం లేదు. వెనక రుద్దిన పొరపాటు మాది, ఎందుకు జరిగిందో ఇదీ కారణం. బడిపలక సంగతి విన్నప్పుడు ఆమె చేతిలో బలపం ఉంది, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రిపోర్టులో రాయి మీద ఏమీ రాయనని చెప్పలేదు. బాగుచేసి చూపించమని మాత్రం అడిగింది. నేను అడగదలచుకున్నదీ అదే.

డొల్లబిళ్లలన్నీ లేపించి, వెనక వైపు ఉలితో అడ్డదిడ్డంగా గంట్లు పెట్టాను. ఎంత లోతు గంటు పెడితే పట్టు వస్తుంది, ఎంత దాటితే బిళ్ల పగులుతుంది అన్నది చేతికి తెలియాలి. రెండు పగలగొట్టి చూపించి, అక్కడి మేస్త్రులకు నేర్పాను. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. సుత్తి దెబ్బ అందరికీ ఒకటే. జిగురు ఆరాక మారియెన్ తెప్పించిన పరీక్ష యంత్రంతో బిళ్లను పైకి లాగారు. జిగురు కిందనుంచి నేల పెళ్లతో సహా ఊడింది గానీ బిళ్ల జిగురును వదల్లేదు. ఆమె ఒక్కసారి తలూపింది. మిగతా సగం నడవాకు, ముంగిలికి మా రాయే పంపమని శెట్టికి ఆమె స్వయంగా ఫోన్ చేసింది. ఆ వార్త నేను చెప్పి ఉంటే శెట్టి ఒక పట్టాన నమ్మేవాడు కాదు.

తిరిగి వచ్చాక రాపిడి షెడ్డులో ఒక పని మిగిలింది. వెనక రుద్దవద్దని ఆర్డరు వేసి ఊరుకోవచ్చు, నరసమ్మక్క సరేననేది కూడా. కానీ సగం పని చేయిస్తున్నారనే చిన్నతనం ఆమె మనసులో ఉండిపోయేది. అందుకని రెండు బిళ్లలు తీసుకుని, రెండు పక్కలా రుద్దినదొకటి, ఒక పక్కే రుద్దినదొకటి షెడ్డు నేలకు అతికించాను. ఆరాక పీకి చూడమన్నాను. మొదటిది వేళ్లతోనే పీకింది. రెండోదాన్ని గునపం పెట్టి కదిలించబోయింది. అది కదల్లేదు.

ఆమె గునపం పక్కన పెట్టి చాలాసేపు ఆ బిళ్లను చూసింది. "అయితే ఆ మొకం సూపిచ్చేదానికి గాదు, పట్టుకునేదానికి" అంది. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో నేల బిళ్ల వెనక రాపిడి రాయి తగల్లేదు. ఎవరైనా కొత్తగా చేరినవాళ్లు రుద్దబోతే ముందు తిట్టేది ఆమే.

రెండో గని నేను రిటైరయ్యేనాటికీ నడుస్తూనే ఉంది. శెట్టి ఆ ఫోన్ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఉదంతం నాకు నేర్పింది చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. పొరపాటు జరిగినప్పుడు సరుకునంతా తప్పు పట్టేవాడు ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడే, ఎవరో ఒకరి మీద నెట్టేవాడు ఆ ఎలుకను ఇంట్లోనే ఉంచుకున్నవాడు. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే మిగతాదంతా బతుకుతుంది. నేను ఏ రాయి చూసినా ఇప్పటికీ ముందు తిరగేసే చూస్తాను.