బస్సాం గెలిస్తే కూడిక

దేవసహాయానికి రాజకీయాలు గిట్టవు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయాడు గానీ ఏ యూనియన్ జెండా పట్టలేదు. ఓటు ఎవరికి వేశాడో భార్య మార్తకు కూడా చెప్పడు. అలాంటి మనిషి సికింద్రాబాద్ మెట్టుగూడలో కూర్చుని, ఎక్కడో గాజాలో ఎన్నికలంటే మాత్రం అన్నం సయించక తిరిగేవాడు. కారణం బస్సాం.

ఉస్మానియా హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఫార్మసీ చదవడానికి వచ్చిన పాలస్తీనా కుర్రాడు బస్సాం. వచ్చీరాని ఉర్దూలో తెలుగు కలిపి కొట్టేవాడు. గోంగూర పచ్చడికి ప్రాణం పెట్టేవాడు. దేవసహాయానికి కామెర్లు వస్తే ఇంటివాళ్ళు వచ్చేదాకా పక్కనే కూర్చుని గంజి తాగించింది అతనే. చదువయ్యాక గాజాకు వెళ్ళి మందుల షాపు పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు. ఒక బుల్లి పార్టీలో చేరాడు. తుపాకీ ఊసెత్తకుండా బడులు, మంచినీళ్ళు అంటూ తిరిగే పార్టీ. మన దగ్గర చిన్న పార్టీ ఏదో ఒక పెద్ద పార్టీకి తోకైనా అయి బతుకుతుంది. అది తోక కూడా కాలేకపోయింది.

తొంభై ఆరులో బస్సాం మొదటిసారి నిలబడ్డాడు. దేవసహాయం మొక్కుకున్నాడు, బస్సాం గెలిస్తే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడతానని. వాళ్ళ చర్చి సంఘంలో అది ఆనవాయితీ. ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా సంఘాన్ని ఇంటికి పిలుస్తారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. బస్సాం ఓడిపోయాడు. కూడిక వాయిదా పడింది.

రెండువేల ఆరులో పార్టీ మొత్తానికి రెండు శాతం ఓట్లు పడితేనే సీటు. అన్ని కూడా పడలేదు.

"డిపాజిట్ అన్నా దక్కిందారా?" అని ఫోన్‌లో అడిగాడు దేవసహాయం. బస్సాం అక్కడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ ఎన్నికలే లేవు. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. రెండువేల ఇరవై ఒకటిలో మళ్ళీ ప్రకటించారు. పార్టీ అభ్యర్థుల్లో బస్సాం పేరు పైవరసలో ఉంది. దేవసహాయం షామియానా వాడితో మాట్లాడి కూడా పెట్టుకున్నాడు. పోలింగ్ ఇంకా కొన్ని వారాలుందనగా ఎన్నికలు ఆపేశారు.

"ఈసారి ఓడిపోలే దేవా. ఓడనియ్యలే," అన్నాడు బస్సాం. ఆ రోజు నవ్వలేదు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. మొదట్లో ఎప్పుడో ఒకసారి జవాబు వచ్చేది, తర్వాత అదీ లేదు. దేవసహాయం రోజూ వాట్సాప్‌లో 'ఎలా ఉన్నావు' అని పంపేవాడు. దాని కింద, అవతలికి చేరలేదన్నట్టు, ఒక్క టిక్కే పడి ఉండేది. ఆదివారం గుడిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "పరిశుద్ధ దేశంల ఉన్న నా దోస్తు కోసం ప్రార్థన చెయ్యండి" అనేవాడు. పేరు చెప్పేవాడు కాదు. గాజా అనేవాడు కాదు. ఆ సంఘానికి అటువైపు తెలిసిన దేశం ఒక్కటే, బైబిల్లో ఉన్నది. గాజావాళ్ళకు ప్రార్థనేంటని ఎవరైనా అడిగితే నలుగురిలో వాదన ఎందుకని అతని భయం. మంచివాడే, కానీ పిరికివాడు.

ఒక ఉదయం రెండో టిక్కు పడింది. దేవసహాయం ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు.

"మార్తా! పోయింది, మెసేజ్ పోయింది! బతికే ఉన్నడు!"

"జెర ఆగుండ్రి. జవాబన్నా రానియ్యుండ్రి."

"ఇంకేం జవాబు? గంత యుద్ధంల బతికుండుడే గెలుపు. మొక్కు తీర్చాలె."

ఆ శనివారం సాయంత్రమే ఇంటి ముందు షామియానా లేచింది. బిర్యానీ దేగిశా పొయ్యి మీదికెక్కింది. పాటలయ్యాక సంఘ కాపరి ఆషర్ అయ్యగారు ప్రార్థనకు లేచారు. చెడ్డవాడేం కాదు, చావుకీ పెళ్ళికీ పిలవకముందే వచ్చే మనిషి.

"పరిశుద్ధ దేశంలో మా సహోదరుణ్ణి కాపాడావు, నీకు స్తోత్రం తండ్రీ. నీ ప్రజలైన ఇశ్రాయేలుకు జయమివ్వు. గాజాలో వాళ్ళ శత్రువులను లేకుండా చెయ్యి ప్రభువా."

"ఆమెన్," అన్నారు అందరూ.

దేవసహాయం కూడా అన్నాడు. పసితనం నుంచి అలవాటైన నోరు, ప్రార్థన ఆగగానే దానంతట అదే పలికింది. ఇంటి యజమాని కాబట్టి అందరికన్నా గట్టిగానే అన్నాడు. ఏమన్నాడో తెలిసేసరికి విస్తళ్ళు పడిపోయాయి. ఇంకొంచెం వేసుకోండని అందరినీ అడుగుతూ తిరిగాడు.

మర్నాడు బస్సాం నంబరు నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. రాసింది అతని కూతురు హనీన్.

'అంకుల్, నాన్న పోయిన చలికాలంలోనే చనిపోయారు. షాపు మీద బాంబు పడింది. ఆయన ఫోన్ ఇన్నాళ్ళకు తెరవగలిగాను. ఓడిపోయిన ప్రతిసారీ నవ్వుతూ చెప్పేవారు, నేను గెలిస్తే సికింద్రాబాద్‌లో ఒక ఇంట్లో ప్రార్థన పెడతారని. ఓడిపోయినా సరే, ఆయన కోసం ఒక్కసారి పెడతారా?'

మార్త కళ్ళు తుడుచుకుంది. "అయిందని రాయుండ్రి. ఆ పిల్ల మనసు నిమ్మలమైతది. అబద్ధమేం గాదు గదా."

దేవసహాయం ఆ ఒక్క ముక్కే రాయబోయి చెరిపేశాడు. చివరికి రాశాడు: 'అయిపోయింది తల్లీ. కానీ మీ నాన్న పేరు నేను ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళు మీరు నాశనమవ్వాలని ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నాను.'

రెండు టిక్కులు పడ్డాయి. చదివిందన్నట్టు నీలం రంగుకు మారాయి. ఆ పిల్ల మళ్ళీ ఏమీ రాయలేదు.

తర్వాతి ఆదివారం మనవులు అడిగినప్పుడు దేవసహాయం లేచాడు.

"నా దోస్తు పేరు బస్సాం. గాజాల చనిపోయిండు. వాళ్ళింటోళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి."

అయ్యగారు "ఆయన ఏ సంఘమండీ?" అని అడిగారు.

"ఏ సంఘం కాదయ్యగారు. మందుల షాపు నడిపేటోడు. ఎలక్షన్లల్ల ఓడిపోయేటోడు."

అయ్యగారు తల ఊపి, తర్వాతి మనవి ఎవరిదని అడిగారు.