మానిటర్ల అక్క కుర్చీ

కంప్యూటర్ తెరలు బాగుచేసే మానిటర్ల అక్క తన షాపులో తన కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వదు; బల్ల దరిదాపులకే రానివ్వదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మానిటర్ లోపలి బోర్డు మీది గోరంత చిప్‌కి క్లిప్పు తగిలించి, చెడిపోయిన ప్రోగ్రాం చెరిపేసి కొత్తది ఎక్కిస్తుంది. అది ఎక్కేంతసేపూ "కానీ తల్లీ, కానీ" అని చిప్‌ని బతిమాలుతూనే ఉంటుంది. ఆ రోజు ప్రూఫులు దిద్దే మాస్టారి మానిటర్ అలాగే బతికింది. తెర వెలగ్గానే ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఇది నాది కాదమ్మా! నా తెర చల్లగా ఉండేది."

"మీదే మాస్టారూ. కొత్త ప్రోగ్రాం ఎక్కించాక పాత సెట్టింగులు పోతాయి. వెలుతురు ఎంతలో పెట్టుకునేవారు?"

"ఆ బటన్లు నేనెప్పుడూ ముట్టుకోలేదే!"

గుమ్మంలో సంచితో నిలబడ్డ ఆయన భార్య తల వంచుకుంది. "నేనే. మీరు కళ్లు నులుముకుంటుంటే చూడలేక, రోజుకి కాస్త తగ్గిస్తూ వచ్చాను. చెబితే మళ్లీ పెంచేస్తారని చెప్పలేదు."

అక్క లేచి, తన కుర్చీని అరచేత్తో తుడిచి, ఆవిడ వైపు జరిపింది.

"రండమ్మా, కూర్చోండి. ఈ మిగతా పని నాకు చేతకాదు."