గొర్రెలు తొక్కిన కట్ట

కురుమ బీరప్పకు మనుషులంటే పడదు. గొర్రెలతోనైనా నాలుగు మాటలు మాట్లాడతాడు గానీ, మనిషి పలకరిస్తే మొహం గంటు పెట్టుకుంటాడు. అలాంటివాడి మాట మీద రెండు వందల మంది తట్టలెత్తారంటే, ఆ పుణ్యమంతా దొర గుమాస్తా బుచ్చయ్యదే.

ఆలేరుకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరి చెరువుకు గండి పడితే బుచ్చయ్య రెండేళ్లు వరసగా వెట్టి జనంతో పూడ్పించాడు. చేతిలో కొరడా, నోట్లో బూతులు. ఎండుమట్టి ఎన్ని తట్టలు పోశారో లెక్కబెట్టాడే తప్ప, కట్ట గట్టిపడిందా లేదా అని ఒక్కనాడు చూస్తే ఒట్టు. రెండుసార్లూ మొదటి పెద్దవానకే కొట్టుకుపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మట్టిలో జిగట లేదన్నాడు, జనం దొంగలన్నాడు. రెండో గండి నీళ్లు కట్ట కింద ఉన్న బీరప్ప మంద మీద పడి నలభై గొర్రెలను మింగాయి. ఆనాటి నుంచి బుచ్చయ్య పేరు వింటే బీరప్ప తుపుక్కున ఉమ్మేసేవాడు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలానికి, వెట్టి మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం దెబ్బకు దొర హైదరాబాదుకు, గుమాస్తా భువనగిరికి పారిపోయారు. బుచ్చయ్య ఊరికే పోయాడా? "కొరడ లేనిది తట్ట లేవది. ఇగ గడ్డి తిని బతుకున్రి" అని ఊరి మీద ఉమ్మి మరీ పోయాడు. మృగశిరలోపు గండి పూడకపోతే మూడో ఏడూ నాట్లుండవు. ఊరు వలస పోవాల్సిందే.

కట్ట సంగతి తాను చూసుకుంటానన్నాడు బీరప్ప. గొర్లకాపరికి కట్టపని ఏం తెలుసని ఊరు నవ్వింది. నిజమే, తెలియదు. మంద ఎంత పెద్దదైనా కుంటిగొర్రె నడకే నడవాలనీ, లేకపోతే వెనకబడ్డదాన్ని తోడేలు ఎత్తుకుపోతుందనీ మాత్రం తెలుసు. అందుకే మొదటిరోజు పనిలో వెనకబడేది ఎవరో చూస్తూ కూర్చున్నాడు. కాలీడ్చే బక్కమ్మ. ఆ ముసలామె ఆగకుండా తట్ట మోయగలిగినంత దూరానికొక మనిషిని నిలబెట్టాడు. తట్ట చేతులు మారుతూ పోయింది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో కూడా ఎవరూ కూలబడలేదు. ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములను ఆ కొసన ఒకణ్ణి, ఈ కొసన ఒకణ్ణి పెట్టాడు. రజాకార్ల లారీ దుమ్ము కనబడితే ఈల వేయమని గుట్ట మీద కాపరులను కూర్చోబెట్టాడు. నాలుగుసార్లు ఈల వినబడింది. నాలుగుసార్లూ జనం చెల్క పొలాల్లోకి పరుగెత్తి, మళ్లీ వచ్చి ఎవరి జాగాలో వాళ్లు నిలబడ్డారు.

జానెడు మట్టి పడగానే నీళ్లు చల్లించి, దాని మీదికి తన మందను తోలేవాడు. సన్నటి గిట్టలు మట్టిని లోపలికి దిగతొక్కుతాయి. కానీ మిగిలిన ఇరవై గొర్రెలు ఏ మూలకు? పెద్దమంద బామ్మర్ది చెన్నయ్యది. పొట్టేలు తగువులో వాళ్లిద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. బీరప్ప పళ్లు కొరుక్కుంటూ వాళ్లింటికి పోయాడు. చెన్నయ్య మంచం దిగలేదు.

"నా గడప ఎందుకు తొక్కినవ్?"

"గొర్లను నాలుగు దినాలు ఇయ్యి. కోపం నీకాడ్నే ఉంచుకో, అది నాకక్కెర లేదు."

"ఇయ్యకుంటే?"

"నీ మడి గూడ ఎండుతది. నా మీది కోపాన నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకుంటనంటే నీ ఇష్టం."

చెన్నయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. తెల్లారి మూడు వందల గొర్రెలతో కట్టకొచ్చాడు. ఎడమొహం పెడమొహంగానే ఇద్దరూ నాలుగు రోజులు తొక్కించారు. మృగశిర కార్తె రేపనగా గండి మూసుకుంది. వానలకు చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి దూకాయి, కట్ట చెక్కుచెదరలేదు.

సెప్టెంబరులో యూనియన్ మిలిట్రీ లారీ వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని జనం సంబరపడేలోపే ముందు సీట్లోంచి బుచ్చయ్య దిగాడు, నెత్తిన కొత్త తెల్ల కాంగ్రెసు టోపీతో. రజాకార్ల తర్వాత ఇక మిలిట్రీ వేట సంఘం మీద. సంఘం వాళ్లెవరో చూపించమన్నాడు ఆఫీసరు. బుచ్చయ్య నిండిన చెరువు చూశాడు. కడుపు మండిపోయింది వాడికి.

"కొరడ లేకుంట రెండొందల మందిని కదిలిచ్చిండు సారూ. సంఘం లీడరు గాకుంటే ఎట్లయితది?" అని బీరప్పను చూపించాడు.

అంతే, ఇంకో సాక్ష్యం అడగలేదు. రెక్కలు విరిచికట్టి బీరప్పను లారీ ఎక్కించారు. వచ్చింది భువనగిరి బాటన, పోయేది ఆలేరుకు. ఆ బాట కట్ట మీదుగానే. పాత గండి దగ్గరికి రాగానే బుచ్చయ్య తలుపును గట్టిగా పట్టుకున్నాడు. తాను కట్టించిన కట్టలు వాడికి గుర్తుంటాయి కదా! వెనక బీరప్ప చక్రాల చప్పుడే వింటున్నాడు. అంత బరువు లారీ కుదుపు లేకుండా దాటింది. వెనక్కి చూస్తే తడిమట్టిలో చక్రాల అచ్చులు మాత్రం పడ్డాయి.

కట్ట వారన బక్కమ్మ శోకం పెడుతోంది. ఆమె పక్కన చెన్నయ్య మందతో నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత బీరప్ప అతణ్ణి వరసపెట్టి పిలిచాడు.

"బామ్మర్దీ, గండికాడ అచ్చు పడ్డది. నీళ్లు నిలవకముందే ఇంకోతాప తొక్కియ్యి."

చెన్నయ్య తలూపి, లారీ కట్ట దిగకముందే మందను పైకి తోలాడు.