ఆవుకొమ్ములో ఎరువు

మనవరాలు మేడ మీది మొక్కల కోసం కొమ్ము ఎరువు ప్యాకెట్ తెప్పించింది. విప్పగానే వాన పడ్డ మట్టిలా కమ్మటి వాసన. నేను మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఫ్రెంచివాళ్ల నాటి యానాంలో పెరిగిన మన ఈడువాళ్లకి ఇంటి అరుగుల మీద జరిగే సభలు గుర్తుండే ఉంటాయి. మా నాన్నకి ఆంత్రోపాసఫీ అనే తత్వం పట్టుకుంది. ఋతువు మారినప్పుడల్లా స్నేహితుల్ని పిలిచి, ఫ్రెంచి పుస్తకం చదివి తెలుగులో చెప్పేవారు. మనుషులందరిలో ఉన్నది ఒకే వెలుగంటే అంతా తలలూపేవారు. ఆ తత్వం ప్రకారమే ఈ ఎరువు కోసం చలికాలం ముందు ఆవుకొమ్ముల్లో పేడ కూరించి, దొడ్లో పాతించి, ఎండలు ముదరకముందే తీయించేవారు. కూరేదీ, పాతేదీ, తవ్వేదీ మా పశువుల పాక చూసే సూరమ్మే.

ఒక ఏడు కొమ్ములు తీసిన రోజు, నల్లటి మట్టిలా మారిన ఆ పేడని పెద్దమనుషులు అరచేతుల్లో పోసుకుని వాసన చూసి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని మురిసిపోయారు.

ఎండలో తవ్విన సూరమ్మ అరుగు కింద నిలబడి, "అమ్మాయిగోరూ, కాసిని మంచినీళ్లు పొయ్యండమ్మా" అంది. నేను చెంబు తీసుకెళ్లాను.

"ఎత్తి పొయ్యవే, చెంబు దానికి తగలనీకు" అన్నారు నాన్న, ఆ పేడ చేత్తోనే పుస్తకంలో పేజీ తిప్పుతూ.

ఎత్తే పోశాను. సగం నీళ్లు ఆవిడ మోచేతుల మీంచి నేలపాలయ్యాయి. నాన్న ఆపిన చోటినుంచి మళ్లీ వెలుగు గురించి అందుకున్నారు.

"పేడే కదా నానమ్మా, అంత రోతేంటి?" అంటోంది మనవరాలు.

రోత పేడ మీద కాదు. ఆ రోజు చెంబెత్తిన చెయ్యి ఇదే.