తీసేసిన క్షమాపణ వాక్యం

2023 జూలై 11, మంగళవారం. మల్కాపురంలో నా జాబ్ టైపింగ్ దుకాణం అప్పటికి ముప్పై ఆరో ఏట నడుస్తున్నది. ఇంగ్లీషులో అర్జీలు, జవాబులు రాసిపెట్టడం నా వృత్తి. వచ్చినవారి ప్రశ్నలు తరచుగా అవే. ప్లీజ్, కైండ్లీ రెండూ ఒకే వాక్యంలో ఉండాలా? ఒకటి చాలు. ‘ఐ బెగ్ టు స్టేట్’ అనకపోతే అమర్యాదా? కాదు.

ఆ సాయంత్రం కరుణ వచ్చింది. అచ్యుతాపురంలో ఒక కర్మాగారంలో ప్యాకింగ్ పని. చేతిలో మెమో, అంటే సంజాయిషీ కోరుతూ యాజమాన్యం ఇచ్చే కాగితం. జూలై 7న ఉదయం 10.20 నుంచి 11.05 వరకు అనుమతి లేకుండా ప్యాకింగ్ లైను వదిలిందని అందులో ఉంది. జవాబు తృప్తికరంగా లేకపోతే పనిలోంచి తొలగిస్తారు.

“నిజంగానే వెళ్లావా?” అన్నాను.

“ఎల్లానండి. పక్కమ్మాయి సెయ్యి మిషన్లో పడితే ఫస్ట్ ఎయిడ్ రూముకి తీసుకెల్లాను. సూపర్‌వైజరే ఎల్లమన్నాడు. ఇప్పుడేమో నాను సెప్పనేదంటన్నాడు.”

ఆ గది రిజిస్టరుకు ఆమె ఫోనులో ఫొటో తీసుకుంది. సమయం 10.25, గాయపడిన అమ్మాయి పేరు, తోడు వచ్చినట్టు కరుణ సంతకం. నాకు అవి చాలు. టైపు చేశాను.

“ఒక్కో లైనూ తెలుగులో సదవండి” అంది. చదివాను. చివరిది: ‘జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను, ఈసారికి క్షమించగలరు.’

“ఏ పొరపాటండి?”

“అది మర్యాద వాక్యం తల్లీ. అందరికీ పెడతాను.”

“తప్పు సెయ్యనోల్లకి కూడానా?”

ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం నిర్దుష్టం. వాస్తవం ప్రకారం, ఆమె చేయని నేరాన్ని ఆమె చేతే ఒప్పించేది. వేళ్లు అలవాటు కొద్దీ దాన్ని టైపు చేశాయి. తీసేశాను.

13న కర్మాగారం ఆఫీసు ఆ జవాబును తిప్పిపంపింది. చివర క్షమాపణ చేర్చి తెస్తే ఫైలు మూసేస్తామన్నారట. ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నాను.

“ఆలోసించీసానండి. రేపు ఆ పిల్ల సెయ్యి గురించి ఎవురైనా అడిగితే, తప్పు నాదేనని ఈ కాయితమే సూపిత్తారు. రాయించనండి.”

అదే జవాబుకు రిజిస్టరు పేజీ సంఖ్య మాత్రం చేర్చి మళ్లీ ముద్రించాను. 26న మెమోను ఉపసంహరించుకున్నారు. కరుణను వేరే లైనుకు మార్చారు. ఉద్యోగం మాత్రం నిలిచింది.

నా కంప్యూటరులోని నమూనా ఉత్తరం నుంచి ఆ వాక్యాన్ని చెరిపేశాను. అంతకుముందు ఎందరు నిర్దోషుల పేరిట దాన్ని టైపు చేశానో, ఆ ఒక్క లెక్క నా దగ్గర లేదు. క్షమాపణ లేకపోతే ఇంగ్లీషు మొరటుగా ఉంటుందేమోనని ఇప్పటికీ అడుగుతారు. తప్పు చేశావా అని ముందు నేను అడుగుతాను. లేదంటే రాయను. ఏ ఆఫీసు ఎన్నిసార్లు తిప్పిపంపినా రాయను.