మా నాయన, సుస్థిరత, ఖాళీ సీసాలు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో పర్వతాలున్నాయి, ఒక సామ్రాజ్యం ఉంది, దాన్ని కాపాడవలసిన ఒంటరి వీరుడున్నాడు, ఎక్కడో దూరం నుంచి పరీక్షించడానికి వచ్చిన అపరిచితుడున్నాడు. ఇలా మొదలుపెట్టాలని నాకు చాలా కోరిక. నిజం చెప్పాలంటే ఇది ఖాళీ సీసాల కథ. పర్వతాలు మాత్రం ఉన్నాయి (నీలగిరులు, అవి కూడా కింది నుంచి చూసినవే). మిగతాదంతా నేను ఆఫీసులో నివేదికలు రాసి రాసి తెచ్చుకున్న జబ్బు.

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం అనుకోకండి, మూడేళ్ళ కిందట, భూమిని కాపాడడం నెల జీతం మీద చేసే పని అయిపోయింది. నేను పర్యావరణ శాస్త్రం చదివి ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉండగా తమిళనాట మేట్టుపాళయం దగ్గర కొండ కింద ఉన్న ఒక రిసార్టు వాళ్ళు పిలిచి, ‘సస్టైనబిలిటీ మేనేజర్’ అని రాసిన మెడపట్టీ ఒకటి తగిలించారు. వాళ్ళకు కంబం వైపు ద్రాక్షతోటలు, సొంత వైను, దాన్ని తాగుతూ కొండల్ని చూడడానికి ఈ రిసార్టు. నేను మేనేజర్నే గాని నా కింద ఎవరూ లేరు. గదుల్లో ‘తువాలు ఇంకోరోజు వాడండి, భూమి మీకు రుణపడి ఉంటుంది’ అని అట్టముక్కలు పెట్టేవాణ్ణి. ప్లాస్టిక్ స్ట్రా గొట్టాలు తీసేసి కాగితం గొట్టాలు తెప్పించాను. అవి సగం పానీయంలోనే కరిగిపోయేవి. అతిథులు దాన్ని కూడా పర్యావరణ అనుభవంగానే స్వీకరించారని నివేదికలో రాశాను.

ఒక చిక్కు మాత్రం నివేదికకు లొంగలేదు. వంటింటి వెనక షెడ్డులో ముదురాకుపచ్చ వైన్ సీసాలు గుట్ట పడి ఉండేవి. పాతసామాన్ల వాళ్ళు ఆ రంగు గాజు మాకొద్దన్నారు. నేను ఆలోచించి, వారానికొకసారి రిసార్టు వ్యానులో వాటిని తుడియలూరులోని మా ఇంటికి చేరవేయడం మొదలుపెట్టాను. మా నాయనది గానుగ నూనె వ్యాపారం. పొల్లాచ్చి నుంచి ఎండుకొబ్బరి తెప్పించి ఆడిస్తాడు. ముందర కొట్టు, వెనక ఇల్లు. ముదురు రంగు గాజులో కొబ్బరి నూనె వాసన పట్టకుండా నిలుస్తుందని ఆయన ఒక్క సీసా వదల్లేదు. నేను నివేదికలో ‘సామాజిక స్థాయి పునర్వినియోగ భాగస్వామి’ అని రాశాను. భాగస్వామి మా నాయన అని రాయలేదు. ఇంట్లో అవి వైన్ సీసాలని కూడా చెప్పలేదు. మా ఇంట్లో అవ్వ దగ్గు మందు కూడా వాసన చూసి గాని మింగదు. వాళ్ళ లెక్కన నేను ఒక పెద్ద హోటల్లో చెట్లు చూసుకుంటాను, ఆ సీసాలు ద్రాక్షరసానివి. (ఇందులో అబద్ధం కొంచమే ఉందని ఇప్పటికీ నా వాదన.)

ఇంతలో మా పెద్దసారుకు హరిత ధ్రువపత్రం మీద మనసు పడింది. అది ఉంటేనే విదేశీ అతిథుల్ని పంపుతామని ఒక ప్రయాణాల కంపెనీ చెప్పిందట. ఆయన నన్ను పిలిచి చాలా మృదువుగా, “తంబి, సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం పర్మనెంటు. రాకపోతే నీలాంటి తెలివైనవాడికి బయట నిండా అవకాశాలు” అన్నాడు. ఆ మృదుత్వానికి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆడిట్ చెయ్యడానికి విజయవాడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు, ప్రతి వాక్యం చివరా ‘అండి’. నేను తెలుగువాణ్ణని తెలిసి సంతోషించారు గాని మార్కుల్లో ఆ సంతోషం కనిపించలేదు. తువాళ్ళు చూశారు, గొట్టాలు చూశారు (చూస్తుండగానే ఒకటి వంగింది). చివరికి నివేదికలో ఒక వరుస మీద వేలు పెట్టి, “ఈ భాగస్వామి ఎవరండి? సీసాలు నిజంగా వాడుతున్నారో లేదో కళ్ళతో చూడకుండా నేను సంతకం పెట్టలేనండి” అన్నారు.

తుడియలూరులో ఒక నూనె కొట్టు అని మాత్రం చెప్పి, కారు బయలుదేరేముందు మా నాయనకు ఫోను చేశాను. పక్కన ఆడిటరు నిలబడి ఉన్నారు కాబట్టి ‘నాయనా’ అనకుండా, పొట్టిగా, “ఒక సార్ని పిలుచుకొని వస్తుండాను. మన తెలుగు వాళ్ళే, ఆంధ్ర నుంచి. ఇల్లూ కొట్టూ చూడాలంటుండారు” అన్నాను. అటునుంచి అవ్వను కేకేయడం వినబడింది. తరువాత, “సరి రా. మొగం కడుక్కొని రా” అన్నాడు.

మొగం మాట విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎప్పుడో రాజుల కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. తెలుగు ఇంటి పిల్ల దొరకడం ఎంత కష్టమో పెళ్ళికాని ప్రతి మగవాడి ఇంట్లోనూ రోజుకోసారి చర్చ జరుగుతుంది. అలాంటి చోట తెలుగు మాట్లాడే కొత్త మనిషి ఫైలు పట్టుకొని ఇల్లు చూడ్డానికి వస్తున్నాడంటే అది పిల్ల తండ్రే. ఇంకెవరూ అయ్యే వీల్లేదు.

మేం వెళ్ళేసరికి వాకిట్లో ముగ్గు, లోపల కేసరి వాసన. మా నాయన ఇస్త్రీ పంచెలో ఉన్నాడు. అవ్వ పట్టుచీర కట్టింది. “వాంగ సార్, రాండి, కూసోండి” అంటూ ఉన్న ఒక్క మంచి కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. నాకు అప్పుడు అర్థమైంది. కాని ఇంటి వాళ్ళకు ఆడిట్ గురించి చెబితే వైను గురించి చెప్పాలి, ఆడిటరుకు పెళ్ళి సంబంధం గురించి చెబితే భాగస్వామి మా నాయనే అని చెప్పాలి. అందువల్ల గోడకానుకుని ఊరుకున్నాను.

ఆయన ఫైలు తెరిచి, “ఇంట్లో ఎంతమందండి? నీళ్ళెక్కడివి?” అన్నారు.

“ముగ్గురం సార్. సొంత బోరు. వేసవిలో కూడా తగ్గదు. వచ్చే పిల్లకు నీళ్ళ కష్టం ఉండదు,” అంది అవ్వ.

ఆయన తల ఊపి రాసుకున్నారు. “చెత్త తడీ పొడీ వేరు చేస్తారాండి?”

“మేము చేస్తాం. వీడు మాత్రం విప్పిన చొక్కా విప్పిన చోటే. పెండ్లయితే మారుతాడు,” అంది అవ్వే.

“హానికరమైన పదార్థాలేమైనా ఉంటాయాండి?”

మా నాయన కదిలాడు. “పిల్లోడికి ఏ అలవాటూ లేదు సార్. కాపి కూడా పొద్దున ఒక వేళే.”

ఆయన కలం ఆగింది. ఒకసారి నావైపు చూసి, అలమరలో వరుసగా ఉన్న నూనె సీసాల వైపు తిరిగి, “ఇవెక్కడివండి?” అన్నారు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ద్రాక్షరసం అంటే నా ఉద్యోగం పోతుంది, వైను అంటే నేను ఇంట్లోంచి పోతాను.

మా నాయన లేచి ఒక సీసా తెచ్చాడు. “సార్, సంబంధం మాట్లాడే చోట దాచిపెట్టకూడదు. తరువాత తెలిసి బాధపడేదాని కన్నా ఇప్పుడే చెప్పేస్తాను. ఇవి వైన్ సీసాలు. మావాడు పనిచేసే కంపెనీవి. వారం వారం వాడే తెస్తాడు. కడిగి నూనె పోసుకుంటాం. వాడు తాగడు, నాది గ్యారంటీ.”

నేను నోరు తెరిచాను. “నాయనా, నీకెట్ల తెలుసు?”

ఆయన సీసా వెనక్కి తిప్పాడు. ముందువైపు మా కొట్టు చీటీ ఉంది. వెనకవైపు పాత చీటీ మీద, తాగుడు ఒంటికి కేడు (అంటే చేటు) అని పెద్ద తమిళ అక్షరాల్లో ఉంది. “నాకు ఇంగ్లీషు రాదు గాని నేను ఇస్కూలుకు పోయినాను రా.”

“మొదటి మూటకే తెలుసు,” అంది అవ్వ. “నువ్వే చెప్తావులే అని చూస్తుంటిమి.”

పెద్దమనిషి సీసా అందుకుని వాసన చూసి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు రాశారు. అవ్వ కేసరి పళ్ళెం ముందు పెట్టి, “పిల్ల ఏం చదివిందప్పా?” అని అడిగింది.

“నాకిద్దరూ మగపిల్లలేనండి,” అన్నారాయన.

అవ్వ పళ్ళెం వైపు ఒకసారి చూసింది. “సరి, తినండి. చేసినాం కదా.”

ధ్రువపత్రం వచ్చింది. భాగస్వామి తనంతట తాను, ఎవరూ నేర్పకుండా, సీసాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆ ఆడిటరుకు బాగా నచ్చిందట. భాగస్వామి మేనేజరు తండ్రి అన్న విషయం ముందే వెల్లడించి ఉండాల్సిందని ఒక చీవాటు, దాని కింద ఒక చిన్న లోపం రాశారు. పెద్దసారు నన్ను పర్మనెంటు చేసి, లోపం సరిచేసే బాధ్యత కూడా నాకే ఇచ్చాడు. ఆర్నెల్లు ఒక ఇంటిని మోసం చేస్తున్నానని లోలోపల గర్వపడిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కొంచెం నవ్వు, కొంచెం జాలి. వాడు భూమిని కాపాడుతున్నాననుకునేవాడు. వాణ్ణి మాత్రం వాళ్ళ నాయన కాపాడాడు, అదీ పెళ్ళి కోసం.

ఆ లోపం ఏమిటంటే, తినే నూనె సీసా మీద తాగుడు హెచ్చరిక ఉండకూడదు. ఆ హెచ్చరిక చీటీ ఊడాలంటే సీసాను వేడినీళ్ళలో అరగంట నానబెట్టాలి. చన్నీళ్ళకు ఊడదు.