మార్కాపురం పలకలో ఆకు

ఉదయం ఆరున్నరకు గుంటూరులో రైలెక్కాను. చేతిసంచిలో తువ్వాలు చుట్టిన నల్ల పలకముక్క ఉంది. దాని మీద జానెడు ఫెర్న్ ఆకు అచ్చు, కోట్ల ఏళ్ల నాటి శిలాజం. జంతుశాస్త్రం లెక్చరర్‌గా ముప్పయ్యేళ్లు పరిణామ సిద్ధాంతం పాఠాన్ని ఆ ముక్క చూపించే మొదలుపెట్టాను. రిటైరయ్యాను, ఇంట్లో ఒక్కణ్ణే. నా తర్వాత ఎవరూ పారేయకుండా దాన్ని కాలేజీకి ఇవ్వాలనుకున్నాను. ఏ గనిలో దొరికిందో చీటీ మీద రాయాలి కదా! మార్కాపురంలో కొన్నానని మాత్రమే గుర్తు, అడిగి తెలుసుకోడానికే ఈ ప్రయాణం.

వినుకొండ దాటాక ఎదుటి సీటు మిరపరైతు పలకరించాడు. పాఠం సంగతి చెబితే నవ్వాడు.

“కోతి నుంచి మనిషొచ్చినాడంటారు. మరి కోతులింకా అట్లనే ఉండాయే సార్?”

“కోతి మన తాత కాదు, దాయాది. మీ చేలో ఏ రెండు మొక్కలూ ఒక్కలా ఉండవు. ఎండకు తట్టుకున్నదాని గింజే మళ్లీ మొలుస్తుంది. వేల తరాలు అలా గడిస్తే మొక్కే మారిపోతుంది.”

ఓడెక్కి లోకం చుట్టొచ్చిన ఇంగ్లండాయన ఈ మాట ఏళ్ల తరబడి దాచుకోవడం, దూరపు దీవుల్లో జ్వరంతో పడుకున్న ఇంకొకాయనకూ అదే తట్టి ఆయనకే ఉత్తరం రాయడం చెప్పాను. తల్లి లక్షణం పిల్లకెలా దిగుతుందో ఆ ఇద్దరికీ అంతుపట్టలేదు. మఠంలో బఠాణీలు పెంచిన సన్యాసి దగ్గరికొచ్చేసరికి కురిచేడు వచ్చింది.

“బాగ చెప్పినావు సార్, వస్తా” అని దిగిపోయాడు. నా పాఠం ఇంకా సగం మిగిలే ఉంది.

పదికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాను. స్టేషన్ ఊరికి దూరం, షేర్ ఆటోలుంటాయి. టిఫిన్ ఊళ్లోకి వెళ్లి చేయడం మేలు. పదకొండున్నరకు ఒక పలకల షెడ్డు చేరాను. కాశింబి అనే అరవయ్యేళ్ల ఆవిడ రాయి అంచున ఉలి పెట్టి, సుత్తితో తడుతూ పొరలు విడదీస్తోంది. నా పలక అందుకుని ఒక్క చూపు చూసింది.

“ఇది ఆకు గాదన్నా. నీళ్ల మరక.”

నేను వాదించబోయాను. ఆవిడ చెత్తకుప్పలోంచి ఒక రాయి తీసి చీల్చింది. లోపల అలాంటి ఆకులే, పది.

“ఆకైతే ఒక తొడిమన్నా ఉండాల గదా? పగులు యాడుంటే నీళ్లు దిగి ఇవి ఆడ మొలుస్తాయి. మరకుంటే ఎవరూ కొనరు. ఏరి పారేస్తాం. ఏంది, సదువుకున్నోడివి, నీకు తెలవదా?”

తాడిని తన్నేవాడి తల తన్నేవాడుంటాడు. భూతద్దం పెట్టి చూస్తే ఈనెల్లేవు. ఈ రాళ్లు భూమ్మీద ఆకులు పుట్టకముందటివని ఎప్పుడో చదివాను కూడా, ఆకు మీది మోజులో పట్టించుకోలేదు. ఆ ఓడ పెద్దాయన తన సిద్ధాంతం మీద తానే అనుమానాలు లేవదీసి ఒక అధ్యాయం రాసుకున్నాడు. నేను ఒక్క ముక్కను అనుమానించలేకపోయాను. కాశింబి టీ ఇచ్చింది. సిగ్గుతోనే తాగాను.

మూడున్నరకు తిరుగు రైలు. ఎన్ని వందలమందికి అబద్ధం చెప్పానో అనుకుంటే కూర్చోబుద్ధి కాలేదు. ఒక్కరికైనా నిజం చెప్పాలి. ముందు బెంచీలో కూర్చుని, నోరు తెరుచుకుని వినే నా పాత విద్యార్థి రమణకు ఫోన్ చేశాను. ఇప్పుడతను బ్యాంకులో పనిచేస్తున్నాడు.

“రమణా, నేను చూపించిన ఆకు ఆకు కాదయ్యా. తప్పు చెప్పాను.”

“ఏ ఆకు సార్?”

పలక, అచ్చు, మొదటిరోజు పాఠం, అన్నీ చెప్పాను. అతను ఏ సంవత్సరమో, ఏ గదిలోనో మర్యాదగా అడిగాడు.

“గుర్తు రావట్లేదు సార్.”

తిట్టినా బాగుండేది. నా తప్పు కూడా ఎవరి గుర్తులోనూ మిగల్లేదని తెలిసి ఏడుపొచ్చింది.

“భోంచేశారా సార్?” అన్నాడు.

కాశింబి ఇచ్చిన టీ తప్ప మధ్యాహ్నం ఏమీ ముట్టలేదు. చేశానన్నాను.